పూడ్చిన మగ్గం గుంట

(1946 మాఘమాసం. అమీర్‌పేట సాలెవాడలో, నేతగాడు తుకారాం సంతాప సభలో ఆయన అక్క చంద్రావతి చేసిన ప్రసంగం.)

అయ్యలారా, అమ్మలారా, నా తోడబుట్టినవాడి కోసం పని ఆపుకొని వచ్చిన కులబాంధవులారా,

ఇక్కణ్ణుంచి పంజాగుట్ట దాకా ఈ పూట ఒక్క మగ్గం చప్పుడు లేదు. అది నా తమ్ముడికి మీరిచ్చిన గౌరవం. మీకందరికీ దండం. నాకు పెద్ద మాటలు రావు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకొని పెంచినదాన్ని, వాడికంటే ముందు పోవలసినదాన్ని. నేను ఉన్నాను, వాడు లేడు. దేవుడి లెక్క నాకు అర్థం కాలేదు.

తుకారాం ఎలాంటివాడో మీకు తెలియదా? యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు మూలపడినప్పుడు, తన వంతుకు వచ్చిన నూలులో సగం పక్కింటి ఎల్లేశానికి పంపినవాడు. ఎల్లేశం వద్దంటే, "తీస్కో భాయ్, నీ మగ్గం సప్పుడు లేకుంటే నాకు నిద్ర పడ్తలేదు" అన్నవాడు. ఎదుటివాడి మనసు నొచ్చుకుంటుందంటే ఏదైనా వదులుకునేవాడు. ఆ గుణమే వాణ్ణి తీసుకుపోయింది. ఎలాగో చెబుతాను.

ఒకనాటి పొద్దున నేస్తూ ఉండగా, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోంచి జారింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పక్షవాతం. పావురం నెత్తురు పూశాం, తాయెత్తులు కట్టాం, నూనెలు మర్దించాం. వాడు మాత్రం వంకరపోయిన నోటితోనే నన్ను నవ్వించేవాడు: "అక్కా, గీ కుడిపక్క అత్తగారింటికొచ్చిన అల్లుని తీరుగున్నది. కూసున్నకాడ మర్దనలు గావాలె, ఒక్క పని ముట్టది."

దవాఖానలో డాక్టరు చెప్పింది ఒక్కటే. పడుకోబెట్టకండి, ఆ కాలిని రోజూ పనిలో పెట్టండి అని. సాలోడి కాలికి వేరే పని ఏముంది? నేసేటప్పుడు కాళ్లు దించుకొని కూర్చునే మగ్గం గుంటలోకి వాణ్ణి దించాం. నూలు లేని వట్టి మగ్గం. గుంట అడుగున తొక్కే చెక్క మీద వాడి పాదం పెట్టి, పైనుంచి నేను చేత్తో నొక్కేదాన్ని. నొక్కినప్పుడల్లా రామా అనుకునేదాన్ని. అలా నొక్కగా నొక్కగా, ఒకరోజు నా చెయ్యి తీసినా చెక్క కిందికి దిగింది. "అక్కా, అల్లుడు లేచిండు!" అని అరిచాడు. వాడి భార్య కాంతవ్వ పొయ్యి దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చింది. తర్వాత తర్వాత గుంట అంచు పట్టుకొని నిలబడేవాడు. వాడికి ఇంకేం వద్దు. తన కాళ్ల మీద నిలబడాలి, మళ్లీ నేయాలి. అంతే.

ఆ సంతోషంతోనే వాణ్ణి బండిలో ఎక్కించుకొని యాదగిరిగుట్టకు మొక్కు తీర్చబోయాం.

తిరిగి వచ్చేసరికి గుంట లేదు.

మీరే పూడ్చారు. వట్టి మగ్గం గుంట మనిషిని పిలుస్తుందని మన పెద్దల మాట. రోగిష్టి మనిషి అందులో పడితే ఎట్లా అని మీ భయం. ఆ గుంటలోనే వాడి కాలు లేస్తోందని మీకు తెలియదు, మేమూ చెప్పలేదు. పంజాగుట్ట వాలు నుంచి తట్టలతో మన్ను మోసుకొచ్చి, నింపి, దిమ్మిస కొట్టి, పేడతో అలికి, ముగ్గు కూడా వేశారు. గుమ్మంలో నిలబడి ఎంత సంబరపడ్డారు! "ఇగ బేఫికర్‌గ పండుకో అన్నా, మేం లేమా" అంది ఎదురింటి మంగవ్వ. నా తమ్ముడు ఆ నేలను చూశాడు. మీ మొహాలు చూశాడు. "మస్తు పని చేసిండ్రు" అన్నాడు.

మీరు వెళ్లాక, ఆ అలుకు మీద ఎడమ అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. మళ్లీ తవ్విద్దామన్నాను. "వద్దక్కా. గింతమంది ప్రేమతోని మోసిన మన్ను. తవ్వితే ఆళ్ల మొకం ఎట్ల జూస్త?" అన్నాడు. మంచం పక్కన తొక్కడానికి ఒక చెక్క పెట్టాను. దాని మీద కాలు పెట్టలేదు. మీరు రోజూ వచ్చారు. నోట్లో ముద్ద పెట్టారు, చేతుల మీద ఎత్తి మోశారు. వాణ్ణి ఏ పనీ చెయ్యనివ్వలేదు. కాలు కట్టె అయింది. వీపు పుండు పడింది. చివరికి మాట కూడా పోయింది. ఇంత ప్రేమ మధ్య మనిషి ఇలా తరిగిపోతాడా? దేవుణ్ణి అడిగాను. రోజూ దీపం పెట్టి అడుగుతున్నాను.

ఇది నింద కాదు. మీకంటే మంచివాళ్లను నేనెరగను. తిట్టుకోవడానికి ఒక్కరున్నా నా దుఃఖం కొంత అటు పోయేదేమో. ఎవరూ లేరు.

ఇక లేచి మౌనం పాటిద్దాం. లేచే ముందు ఒక్క మాట. ముందు వరుసలో సారయ్య మామ కూర్చున్నాడు. దసరా వెళ్లాక ఆయన ఎడమ పక్క పడిపోయింది. ఆయన ఇంట్లో మగ్గం గుంట ఇంకా తెరిచే ఉంది. అయ్యలారా, ఎవరూ ఆయన జబ్బ పట్టుకోకండి. కర్ర ఆయన దగ్గరే ఉంది. వణికితే వణకనివ్వండి. ఎంతసేపైనా కానివ్వండి. మనం లేచి, తలలు వంచుకొని ఆగుదాం. ఆయన తన కాళ్ల మీద నిలబడ్డాకే నా తమ్ముడి కోసం మన మౌనం మొదలవుతుంది.

అందరూ లేవండి.

మెల్లగ లే, మామా. మేం ఆగుతం.