పదిమందైతేనే

(1987 యాసంగి. పెద్దవంగర పక్క పల్లె. బడి వరండాలో టీకాల నర్సు విజయలక్ష్మి, చంకలో ఏడాది కొడుకుతో యాదమ్మ.)

“ఎంతమందైన్రు యాదమ్మా?”

“తొమ్మిది. నా కొడుకుతోని.”

“పదైతేనే తట్టు మందు సీస మూత తీస్త.”

“పోయిన నెల గూడ గదే చెప్పి ఐసుడబ్బ ఏసుకొని పోయినవ్ నర్సమ్మా. పెద్ద దవాఖానకు పోతే మీ ఊరికే నర్సు వస్తది పో అన్నరు.”

“నా చేతుల ఏమున్నది? ఒక్కపారి మూత తీస్తె పొద్దుగూకే లోపల మందంత వాడాలె. లేకుంటె పారబొయ్యాలె. పైనోళ్లు అడుగుతె నేనేం చెప్పాలె?”

“కమ్లీ వస్తున్నది. పిల్లకు పాలిచ్చి వస్తనన్నది.”

“ఐసు కరుగుతున్నది.”

“తండ దగ్గెరనే. జరాగు.”

“గీ తల్లులంత నాట్లకు పోయెటోళ్లు గదా, ఎట్ల ఆపినవ్?”

“వీళ్లు నాటేసేది లచ్చిరాం మడిల. కరెంటు ఉన్నంతసేపే నీళ్లు, నీళ్లున్నంతసేపే నాటు, ఆడోళ్లను ఆపుతె ఎట్ల అన్నడు. ముందుగాల మగోళ్లతోని నారు పీకిపియ్యి, గంతల మేం సూదులేపిచ్చుకొని వస్తమన్న. మా ఆయనను గూడ నారు పీక పంపిన.”

“గంగి రానన్నది గదా?”

“సూదికి పిల్లకు జెరమొస్తె పని పోతదన్నది. రేపు నీ బర్రెను నేను కాస్త రా అన్న.”

“మస్తు హుషారున్నవ్. ఎంతదాంక చదివినవ్?”

“ఏడు. అప్పుడే పెండ్లి చేసిన్రు.”

“గింత పరేషాన్ ఎందుకు? ఈ నెల గాకుంటె…”

“పెద్దోడు నిరుడు తట్టుకే పోయిండు. పక్కూర్ల మల్ల మొదలైందట.”

“అగో, కమ్లీ వచ్చె.”

“రా కమ్లీ, కూసో. ఇగ పది నర్సమ్మా. తియ్యి మూత.”

“తీసిన. నీ కొడుకును పట్టు.”

“వద్దు, వాళ్లవి కానీ. మడికి పోవాలె వాళ్లు. నేను ఆఖర్న.”

“సరే. గంగీ, చెయ్యి గట్టిగ పట్టుకో, పిల్ల గుంజుకుంటది…”

“ఇంకెంతమంది నర్సమ్మా?”

“అంత అయిన్రు. నీ కొడుకే. ఇటియ్యి. అగో… ఒళ్లు గిట్ల కాలుతున్నదేంది?”

“ఎండకు. చంకనేసుకొని ఇల్లిల్లు తిరిగిన.”

“ఎండ గాదిది. జెరం. కండ్లు తెరుస్తలేడు సూడు.”

“పొద్దుగాల మంచిగనే ఉండె. సూది పొడువు.”

“గింత జెరంల పొడువొద్దు యాదమ్మా.”

“సీసల వానిది మిగిలింది గదా.”

“మిగిలింది.”

“ఐసుల పెట్టి ఉంచు. రేపు జెరం తగ్గుతది.”

“రేపటికి పనికి రాదు. మందుబిల్లలిస్త, జెరానికి ఎయ్యి. వచ్చే నెల మల్ల కొత్త సీస తెస్త.”

“మల్ల పదిమందైతేనే తీస్తవా?”

“గంతే గదా. నువ్వున్నవ్ కద, జమ చేస్తవ్.”

“ఎవ్వలను జమ చెయ్యాలె నర్సమ్మా? ఊర్ల, తండల గీ ఈడు పిల్లలంత ఇయ్యాల అయిపోయిన్రు. ఇగ వీడొక్కడే.”