శైలజ గారి వాటా

సభాధ్యక్షులు తిరుమలరావు గారికి, మా తీరం నుంచి వ్యానెక్కి వచ్చిన పెద్దలకు, గుమ్మం దగ్గర ఇంకా చెప్పులు సర్దుకుంటున్న మిత్రులకు, నేడు పదవీ విరమణ చేస్తున్న సముద్ర శాస్త్రవేత్త శైలజ గారికి ధనరాజ్ నమస్కారాలు. పగలు వలలు బాగుచేస్తూ, రాత్రి కళాశాలలో బి.ఏ. ఉత్తీర్ణుడనై, మన మౌఖిక చరిత్రల విభాగంలో గొంతులు భద్రపరిచే బాధ్యతలో ఉన్నవాణ్ని. సముద్రం మీద బతికేవారివి, సముద్రాన్ని చదివేవారివి అన్ని గొంతులూ మా దగ్గరున్నాయి. వాటిని సేకరించిన శైలజ గారిది మాత్రం లేదు. అడిగినప్పుడల్లా "నాదేముంది ధనరాజ్, ముందు సూరయ్య గారిది పూర్తికానీ" అంటారు. సూరయ్య మావ కథ పూర్తికాదని ఆవిడకు తెలుసు. (నవ్వులు) రేపు ఆవిడ కోటబొమ్మాళిలో రైలెక్కితే ఇక ఆ లోటు తీరదు.

ఆవిడ మొదటిసారి మా ఊరు వచ్చిన రోజున, అలల ఎత్తు కొలిచే కర్రతో తడి ఇసుకలో జారబోయి, మావాళ్లు ఒడ్డుకు లాగుతున్న పెద్దవల తాడును ఆసరాగా పట్టుకున్నారు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివారికీ మా తీరంలో వాటా ఉంటుంది. ఒక్కరు వద్దన్నా మిగతావారికి పంపకం జరగదు. ప్రభుత్వోద్యోగిని చేపలు పుచ్చుకోరాదని ఆవిడ వాదన.

"తాడట్టుకున్నావా నేదా?" అని మా లక్ష్మణమ్మ పిన్ని నిలదీసింది.

"పడిపోకుండా పట్టుకున్నానండీ."

"మేవూ అందుకే అట్టుకుంతన్నాం తల్లీ" అన్నాడు సూరయ్య మావ.

ఎండెక్కింది. కాకులు తమ వాటా తీసేసుకున్నాయి. చివరికి ఆవిడ ఫోను చేయగా, శాస్త్రీయ నమూనాగా స్వీకరించవచ్చని పై అధికారి అనుమతించారు. అందుచేత తన వాటాకొచ్చిన కవ్వళ్ల చేపలను కుళ్లకుండా ఉంచే మందునీళ్ల సీసాలో వేసి, చీటీ అంటించి, బల్ల మీద పెట్టారు. చూడవచ్చిన పిన్ని, "కూరొండుకోమంటే ఊరగాయెట్టీసినావేటి?" అని వెళ్లిపోయింది.

ఆపై ఊళ్లో ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు. వాటా వండితేనే నోరు విప్పుతామని పెద్దలు తీర్మానించారు. శైలజ గారు పుట్టు శాకాహారి. అయినా మరో వాటా తెచ్చుకుని వండారు. ఉప్పు చూసే దిక్కులేక మమ్మల్నే పిలిచారు. ఆ కూర మీద మా ఊరు చెప్పిన అభిప్రాయాలే మన సంగ్రహంలో మొదటి రికార్డింగు. (నవ్వులు) పిన్నీ, నువ్వు నవ్వకు, అందులో నీ గొంతే పెద్దది.

నీ తరువాత మా అమ్మ గురమ్మది. అమ్మ పోయింది. ఇంట్లో ఫొటో ఉంది గాని, ఫొటో తిట్టదు. మనసు బాగోనప్పుడు నేను హెడ్‌ఫోను పెట్టుకుని, కూరలో చింతపండు ఎక్కువైందని అమ్మ శైలజ గారిని తిడుతుంటే వింటాను. తనిఖీ చేస్తున్నానని ఆఫీసులో చెబుతాను.

శైలజమ్మా, మీరు వెళ్లాక ఈ విభాగంలో నేను ఏం తనిఖీ చేయాలి?

నిర్వాహకులకు, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మైకు శైలజ గారి ముందుకు జరుపుతున్నాను. రికార్డింగు ఆన్‌లో ఉంది. నేను సెలవు తీసుకుంటున్నాను. మీరు మాత్రం త్వరగా తీసుకోకండి.