జేబెజ్ బాబాయి లేచిన రోజు

ఆ టోపీ అటక మీద దొరికిందా? ఇటియ్యి, చూడనీ. ఇది జేబెజ్ బాబాయిదే, మా హెస్టర్ పిన్ని మొగుడిది. ఈ కాగితం పేలికలు మొహమ్మీద వేలాడేవి. మన డోర్సెట్‌లో ఆ వేషాల ఆట ఇప్పుడెవరాడుతున్నార్లే. క్రిస్మస్ మర్నాడు మగాళ్ళు వేషాలు కట్టి ఇంటింటికీ వచ్చేవాళ్ళు. ఒకడు కత్తితో పొడుస్తాడు, ఒకడు చస్తాడు, డాక్టరు వేషగాడు నోట్లో చుక్క పోస్తే చచ్చినవాడు లేచి గెంతుతాడు. ఎవరు ఎవరో అందరికీ తెలుసు, అయినా తెలీనట్టే ఉండాలి. వేషంలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఆ ఇంటికి కీడు. మా అమ్మ సొంత తండ్రినే పట్టుకుని 'ఏ ఊరయ్యా మీది' అనడిగేది. నవ్వకే, నిజం.

చచ్చే వేషం ఎప్పుడూ బాబాయిదే. పడ్డాడంటే ఊపిరి తెలిసేది కాదు, ఓసారి పిల్లి గుండె మీదెక్కి నిద్రపోయింది. బడి పంతులమ్మ మిస్ పెనక్ మెచ్చుకుని, 'ఫెయిన్' అని పాత మాటొకటి ఉంది హెస్టర్, నటించడం అని అర్థం, పాత కవులు మాత్రం కుమ్మరి మట్టి పిసికి బొమ్మ చేసినట్టు లేనిదాన్ని కొత్తగా తయారుచెయ్యడానికి కూడా వాడారు అంది. పిన్నికి నచ్చలేదు. 'చేసింది చేసినచోట పడుంటుందా టీచరమ్మా?' అంది.

ఏం చెబుతున్నానూ... ఆ, ఆ ఏడు. ఇదే వంటింట్లో, ఆ పొయ్యి ముందు పడ్డాడు. డాక్టరు చుక్క పోశాడు, లేవలేదు. 'అబ్బ, ఈసారి అదరగొట్టాడ్రా' అని జనం చప్పట్లు. మళ్ళీ పోశాడు. ఊహూఁ. నేను పిన్ని ఏప్రన్ పట్టుకుని ఉన్నాను. పిలిస్తే కీడు, పిలవకపోతే మొగుడు దక్కడేమో. పక్కన ముసలమ్మలు 'నోరెత్తకు హెస్టర్, వేషం' అని గదమాయిస్తున్నారు. ఆఖరికి ఆగలేక 'జేబెజ్' అంది, మెల్లిగా, భోజనానికి పిలిచినట్టు.

లేచాడు. గెంతాడు, బీరు తాగాడు. పిన్ని ఆ పేలికలు తప్పించి మొహంలోకి చాలాసేపు చూసి 'దా, కూచో' అంది. అంతే. ఆ తర్వాత ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. 'ఇదిగో' అనేది, 'నిన్నే' అనేది. వండి పెట్టింది, చొక్కాలుతికింది, చర్చికి ఆయన పక్కనే నడిచింది. మంచివాడే, మునుపట్లా తాగి అరిచేవాడు కూడా కాదు. నాకదే భయంగా ఉండేది. ఆయన పోయినప్పుడు ఫాదరు ఓదార్చబోతే 'నా ఏడుపు ఎప్పుడో అయిపోయిందండీ' అంది.

పొయ్యి ముందు ఆ చోటు మాత్రం తొక్కేది కాదు. వేడి గిన్నె చేతిలో ఉన్నా సరే, చుట్టూ తిరిగే వెళ్ళేది. పెద్దయ్యాక అడిగాను, ఎందుకు పిన్నీ అని. 'పిలిచాను, ఎవరో పలికారు. మావాడింకా లేవలేదే' అంది. ఇల్లు నాకిచ్చి పోయింది. నేనూ చుట్టూ తిరిగే పోతాను, ఏం, అలవాటు...

ఆ కుర్చీ కాస్త ఇవతలకి జరుపుకో తల్లీ. ఇంకొంచెం. ఆఁ. తాగు, టీ చల్లారిపోతోంది.