మిల్లు గోడ ఇడిసిన దినం

"అవ్వా, ఎమ్మిగనూరు బస్టాండులో పండుకునేవాళ్ళ గురించి రేపు అన్ని సంఘాలోళ్ళం కూసుంటాండాము. ఆదోనిలో మీరు మిల్లు గోడ ఎట్ల ఇడిసినారో సెప్పవా? అమ్మ నిన్నే అడగమనింది."

మీ యమ్మ అట్లనే అంటాది. అంతా తానుండి జరిపిస్తాది, గోవిందమ్మనడుగు అంటాది. కూసో అమ్మీ. ఆ మూల వద్దు, ఫ్యాను గాలి రాదు. ఈ మంచం మీద కూసో.

నాది ఎమ్మిగనూరే, తెలుసు గదా. మా ఆయన దుప్పట్లు నేసేవాడు, నేను కండెలు సుట్టేదాన్ని. మగ్గానికి పని ల్యాకపోతే ఆదోనికొచ్చినాము. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని దొరికె ఆయనకు. పత్తి కాలం వస్తే సూడల్ల, బండ్లు మార్కెట్ యార్డు కాడ్నించి రోడ్డు మీదికి నిలబడుతుండె. ఇంటికొస్తే ఆయన మీసాలు గూడా తెల్లగుండేవి దూదికి. మా సిన్నాడబిడ్డ నవ్వుతుండె, మా యన్న అప్పుడే ముసలోడయిపాయ అని. ఆమె ఇప్పుడు ల్యాదులే, బళ్ళారిలో పోయింది... ఏం సెప్తాంటి? ఆఁ, మిల్లు. మిల్లు మూసినారు. తర్వాత కొన్నాళ్ళకు ఆయనా పోయినాడు. బాడిగింటామె మంచిదే, శానా ఓర్సుకునింది. కొడుకు పెండ్లి కుదిరినాక ఇల్లు కావల్లనింది. ఆమె తప్పేముంది. మూట సంకనేసుకోని యాడికి పోవల్ల నేను? ఆయన పనిసేసిన మిల్లు గోడ కాడికే పోయినా. నాకు తెలిసిన తావు అదొకటే.

ఆ గోడెంబడి అప్పటికే పట్టలు కట్టుకోని శానామంది ఉండిరి. మద్దికెర దిక్కు నుంచి కూలికొచ్చిన సంసారాలు, ఎవురూ లేని ముసలోళ్ళు. బయట బతకడమంటే తిండొకటే కష్టమనుకుంటారు అందరూ. ఆడమనిషికి సీర మార్సుకునేకి తావుండదు అమ్మీ. నీళ్ళు పోసుకునేకి ఉండదు. ఇంగా ఏం సెప్పల్ల నీకు.

అన్నం తెచ్చేవాళ్ళు తెచ్చిరి. ఆదివారం చర్చి నుంచి రూతమ్మ వాళ్ళొస్తుండ్రి. ఆమె గూడా కూలికి పోయే మనిషే. శుక్రవారం మసీదోళ్ళు. సలికాలం మీ యమ్మ పద్మక్క, పొదుపు సంఘం ఆడోళ్ళను ఎంటబెట్టుకోని దుప్పట్లు తెస్తుండె. అందరూ మంచోళ్ళే. ఒకరికొకరికి మాటే ల్యాదు. పండగొస్తే రెండు దిక్కుల అన్నమొచ్చి మిగిలిపోతుండె, మర్నాడు సూస్తే పస్తు. నాకొక దుప్పటిచ్చిరి. అంచు పట్టుకోని సూస్తే మా ఎమ్మిగనూరు నేతే. వానొచ్చి అదీ తడిసిపాయ. దాచుకునేకి యాడుంది.

మా పట్ట పక్కన లింగప్ప అని ఉండె. కౌతాళం దిక్కు మనిషి. సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడేవాడు. పెండ్లాం గంగమ్మకు మతి సరిగా ల్యాదని ఆదోని ఆసుపత్రికి పిల్సుకొచ్చినాడంట. ఆ గోడ కాడ కూసోబెట్టి, ఎదురుగా మాబుసాబు టీ అంగడికి పోయినాడు. రెండు గలాసులు పట్టుకోని వచ్చేలోపల ఆమె ల్యాదు. స్టేషను పక్కనే గదా, ఏ రైలెక్కిందో, ఎట్ల పోయిందో. ఊరంతా ఎతికినాడు, పోలీసులకు సెప్పినాడు. అంతే, ఇంగ ఇంటికి పోలేదు. ఆ గోడ కాడే ఉండిపోయినాడు. నోట్లో ముద్ద పెట్టుకున్నా కండ్లు రోడ్డు మీదే.

ఆ ఎండాకాలం మిల్లు తావు ఎవురో కొన్నారు, గోడ పడగొడ్తారు అని మాటొచ్చింది. ఇట్లాంటి మాటలు శానా ఇన్నాం అనుకుంటిమి. ఒగ పొద్దన్నే జేసీబీ వచ్చి నిలబడె. ఎంట మనుషులు, పోలీసులు. దూరం కొస నుంచి పట్టలు పీకబట్టిరి. పిల్లోళ్ళ ఏడుపులు, గిన్నెలు రోడ్డు మీద. నేను నా మూట సంకనేసుకోని నిలబడినా.

మాబుసాబు టీ పొయ్యి ఆర్పేసి, తెలిసినోళ్ళకంతా ఫోన్లు సేసినాడు. మసీదు పెద్దలొచ్చిరి, రూతమ్మ వాళ్ళొచ్చిరి, మీ యమ్మ వాళ్ళొచ్చిరి. ఆటోలోళ్ళు స్టేషను నుంచి ఉరికొచ్చిరి. వచ్చి ఏం సేసిరి? కొట్లాట పెట్టుకునిరి. మా వాళ్ళను మేము పిల్సుకోని పోతామని ఒకరు, మీ వాళ్ళెవురు, ఇన్నాళ్ళు సూసింది మేమని ఇంగొకరు. ఆ పక్క జేసీబీ గుర్రుమంటాంది. ఆఫీసరు గడియారం సూసుకుంటాండాడు.

అప్పుడు మీ యమ్మ నడుమ నిలబడి అనింది. "మీ వాళ్ళు, మా వాళ్ళు అని మళ్ళ తేల్సుకుందాం. ఈ గోడ కాడ ఒక్క మనిషి మిగలగూడదు. అదెట్లో సెప్పండి."

గొంతు పెద్దది సేయలేదమ్మీ. అయినా అందరూ సల్లబడిరి. సంసారాలకు చర్చి హాలు ఇస్తామనింది రూతమ్మ. ఒంటి మొగోళ్ళకు మసీదు పక్క గది. నాలాంటోళ్ళకు పొదుపు సంఘం ఇల్లు. సామాన్లు ఆటోలోళ్ళు మోస్తామనిరి. ఆఫీసరు మధ్యాన్నం దాకా టైమిచ్చినాడు. ఒకరెనక ఒకరు ఆటోలెక్కిరి.

లింగప్ప లేయలేదు. గోడకు వీపానించి కూసున్నాడు. ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి లేపబోతే గోడలో తేలిన ఇనప సువ్వను పట్టుకున్నాడు, సెయ్యి కోసుకోని రక్తం కారుతున్నా ఇడసలేదు. అవతల కొస జేసీబీ గోడను తోసింది. నేల అదిరె. దుమ్ము మా నెత్తి మీద పడె. నేను పోయి ఆయన ముందర కూసున్నా, లేయి లింగప్పా, సస్తావు అని. ఆయన నన్ను సూసి అన్నాడు.

"ఆమొస్తే యాడ ఎతుకుతాది గోవిందమ్మా?"

పోలీసాయన తల తిప్పుకున్నాడు. మాబుసాబు వచ్చి ఆ దుమ్ములోనే ఆయన పక్కన కూలబడినాడు. "లింగన్నా, గోడ పోయినా నా అంగడి యాడికీ పోదు. ఆమొచ్చి నిలబడేది నా కండ్ల ముందరే. కూసోబెట్టి నీకు కబురంపుతా."

అంతలో ఒక ఆటో పిల్లగాడు, ఆమె ఎట్లుంటాదన్నా అని అడిగినాడు. లింగప్ప సువ్వ ఇడిసి, లోపలి జేబులోంచి ఫోటో తీసినాడు. ఇన్నాళ్ళూ అందరం ఆయనకు అన్నం పెడ్తిమే గానీ ఆ ఫోటో సూపించమన్నోళ్ళు ల్యారు. ఆటోలోళ్ళు, రూతమ్మ, మసీదోళ్ళు, అందరూ ఫోన్లల్లో దించుకునిరి. గుంతకల్లులో మా వాళ్ళుండారని ఒకరు, రాయచూరులో ఉండారని ఇంగొకరు, వాళ్ళకంతా పంపిరి. అప్పుడు లేసినాడమ్మీ. తిరిగి సూస్తా, సూస్తా ఆటో ఎక్కినాడు. మేము మలుపు తిరగకముందే ఆ గోడ పడిన సప్పుడు ఇనపడె.

హాల్లో ఎన్నాళ్ళుంటారు? బాడిగిండ్ల కోసం తిరిగిరి. గోడ కాడోళ్ళని తెలిస్తే తలుపేసేవాళ్ళు. మా వీధికి వద్దని గలాటా గూడా సేసిరి ఒక కాడ. ఇంగ రూతమ్మ, మసీదు పెద్దాయన, మీ యమ్మ ముగ్గురూ కల్సి, ఇల్లడిగేకి ఒకే గడపలో నిలబడేకి మొదలుపెట్టిరి. వీళ్ళేమన్నా సేస్తే మమ్మల్నడగండి అని. ఈ ముగ్గురూ ఒక తావ నిలబడింది సూసి ఆ ఇండ్లోళ్ళకే ఆశ్చర్యం. ఒకరిచ్చిరి. ఆ ఇల్లు సూసి ఇంగొకరు. ఒక సంసారం మళ్ళ రోడ్డు మీదికి పోయింది, మొగోడు తాగుబోతు. వాళ్ళనూ ఇడసలేదు, మళ్ళ పోయి పిల్సుకొచ్చిరి. ఊర్లో రోడ్డు మీద పండుకునేవాళ్ళే ల్యారని సెప్పను. ఇప్పటికీ నెలకొకసారి మాబుసాబు అంగట్లో కూసుంటాండారు.

గంగమ్మనా? రాయచూరు దిక్కు నుంచి ఒకసారి ఫోనొచ్చె, ఇట్లాంటి ఆమె ఒక ఆశ్రమంలో ఉండాదని. లింగప్ప గడ్డం గీయించుకోని, కొత్త సీర కొనుక్కోని పోయినాడు, మీ యమ్మ తోడుపోయింది. ఆమె కాదు. మీ యమ్మ సెప్పిందిది. మళ్ళ ఆ తెలియనామె ముందర కూసోని, నీదేవూరమ్మా అని అడిగినాడంట. సిప్పగిరి అనిందంట. ఆ సీర ఆమెకే ఇచ్చొచ్చినాడు. ఈడ అందరూ కల్సి ఇసారించి, ఆమె అన్నను ఎతికి పట్టి, ఆమెను ఆయన కాడికి పంపిరి.

ఇప్పుడాయన స్టేషన్లో ఒంటిగా కూసున్నోళ్ళను పలకరిస్తాంటాడు. పేరడుగుతాడు, ఊరడుగుతాడు. గంగమ్మ మాత్రం... రాలేదమ్మీ.

లెయ్యి, నీ బస్సుకు యాళయితాంది. నాకీ గది ఇచ్చిన దినం పట్టపగలే గడియ పెట్టుకోని పండుకున్నా. మీ యమ్మ వచ్చి తలుపు కొట్టినా తెలీలేదు, అంత నిద్ర. నీ సేతి మీద గూడా నలుగురు అట్ల గడియ పెట్టుకోని పండుకోవల్ల. ఇంతకన్నా నిన్నేమని దీవించల్ల నేను. పో అమ్మీ, సల్లంగా పోయిరా.