వంతెన దాటిన ఉయ్యాల

అదే కదక్కా నా ఏడుపు! నువ్వు తిట్టవు. ఏడు నెలల తర్వాత వచ్చాను, గుమ్మంలోనే నాలుగు దులిపేస్తావనుకున్నాను. నువ్వేమో చిక్కిపోయావంటావు, కాఫీ పెడతానంటావు. తిట్టవే తల్లీ!

లేదు, కూర్చో. ఆ కుట్టుమిషను కాసేపు ఆపు. మీ మరదలు పంపితే రాలేదు నేను, నా అంతట నేనే వచ్చాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు.

ఆ రోజు వంతెన దగ్గర నిన్ను వెనక్కి రానివ్వంది ఆఫీసర్లని చెప్పాను కదా? అందరికీ అదే చెప్పాను. గోడౌన్లో చెప్పాను, ఇంట్లో చెప్పాను. "అడ్డగోలు రూల్సండీ, పాపం మా అక్కని..." అంటే అందరూ అయ్యో అన్నారు. సిగ్గులేకుండా ఆ జాలంతా నేనే తీసుకున్నాను.

నీకు తెలుసుగా, గోడౌన్లో నన్ను "కాన్సులుగారూ" అని, వీసాలిచ్చే దొరని పిలిచినట్టు పిలుస్తారు. ఎవడికి ఏ ఫారం కావాలన్నా నేనే నింపాలి. ఏ దేశానికి వీసా కావాలి, దేనికి అక్కర్లేదు, ఫోటోలో చెవులు కనబడాలా వద్దా, అన్నీ నోటికొచ్చు. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుకునేవాడికి అంత మర్యాద ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు? నెత్తికెక్కింది.

నీ వీసా చూళ్ళేదా అంటావా? చూశాను. నువ్వు దిగిన రోజే చూశాను. ఒక్కసారి లోపలికి రావడానికే పనికొస్తుందని అచ్చులో ఉంది. అసలు దాని కోసం ఉత్తరం రాసింది నేనే కదా! నా భార్య కాన్పుకి మా అక్క సాయం వస్తుంది, గడువులోగా వెళ్ళిపోతుంది, పూచీ నాది అని.

కానీ మా ఊరి వంతెన సంగతి అలాంటిదక్కా. మేం క్షవరానికి కూడా అవతల ఒడ్డుకే పోతాం. కూరలకి పోతాం. ఇవతల ఉంటున్నట్టు మాకు కార్డుంది, తిరిగొచ్చేప్పుడు చూపిస్తే చాలు. పోయి పోయి, అవతల ఇంకో దేశమన్న మాటే మర్చిపోయాం. ఇవతలి వీసా ఉంటే వాళ్ళూ ఒక పూటకి ఊరికే రానిస్తారు. వెళ్ళడానికి అడ్డేం లేదు, తిరిగి రావడానికే.

మీ మరదలు అడిగింది కూడా. "వదినగారిని మళ్ళీ ఇటు రానిస్తారా? ఓసారి కనుక్కోండి" అంది. కనుక్కోవడమా? నేనా? "నువ్వు నాకు చెప్తావా? హాయిగా పడుకో, గంటలో ఉయ్యాల తెచ్చేస్తాం" అన్నాను. ఒక్క ఫోన్ చేస్తే పోయేది. నామోషీ!

అవతల కొట్లో ఆ ఉయ్యాల నువ్వే కదా ఏరావు. కడ్డీ కడ్డీ తడిమి, ఎక్కడా గరుకు లేదని చూసుకుని. చెరో పక్కా పట్టుకుని వంతెన మీద నవ్వుకుంటూ వచ్చాం. ఆ కౌంటర్లో ఆవిడ నీ పాస్‌పోర్టు రెండుసార్లు తిప్పి చూసింది. ఈ వీసా వాడేశారు, లోపలికి రాకూడదంది. నువ్వు నా మొహం చూశావు. నీకు ఆ భాష రాదు.

అప్పుడు నన్నొక మాట అడిగింది. "ఏమంటోందిరా?" అన్నావు నువ్వు. "ఏదో కాగితం తక్కువైందట, రేపు తెస్తాలే" అన్నాను. అది అబద్ధమక్కా.

"ఈవిడ మీతో వచ్చిందా?" అని అడిగింది.

కాదన్నాను.

ఉండు, చెప్పనీ. "వరసలో నా వెనక నిలబడిందంతే, ఉయ్యాల బరువుగా ఉందని ఓ చెయ్యి వేసింది" అన్నాను. నా కార్డు రెన్యువల్ ఆ ఆఫీసులోనే ఉంది. పూచీ పడ్డవాడే తీసుకెళ్ళి తప్పు చేయించాడంటే దాన్ని ఆపేస్తారేమోనని... ఛ, ఇవన్నీ తర్వాత అల్లుకున్నవి. కాన్సులుగారు సొంత అక్కనే అవతల వదిలేసొచ్చారని గోడౌన్లో నవ్వుతారు, ఆ క్షణంలో నాకు తట్టింది అదొక్కటే. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

ఉయ్యాలకి వీసా అక్కర్లేదు కదా, మోసుకుని వచ్చేశాను. నువ్వు ఆ బెంచీ మీద కూర్చుని "ఉయ్యాల జాగ్రత్తరా" అన్నావు. నేను వెనక్కి తిరిగి చూళ్ళేదు.

తెల్లారగానే నా దగ్గరున్న కాగితాలన్నీ పట్టుకుని పరిగెత్తాను. కౌంటర్లో వేరే ఆయన ఉన్నాడు. ఇలా పొరపాటున దాటినవాళ్ళకి, వెంట వచ్చిన చుట్టం అప్పుడే అక్కడే సంతకం పెడితే ఒక్కసారికి రానిస్తారట! "కానీ ఈవిడ ఒంటరిగా వచ్చిందని రాసి ఉంది, ఇప్పుడు కుదరదు" అన్నాడు. అది నేను రాయించిన ముక్కే కదక్కా. నిన్ను కనీసం చూడనివ్వలేదు కూడా.

మూడో రోజు అటునించి అటే, కట్టుబట్టలతో నిన్ను విమానం ఎక్కించారు. నాలుగో రోజు పాప పుట్టింది.

నీ పెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది. అందులో నువ్వు కుట్టి తెచ్చిన చొక్కాలు పదకొండు. మీ మరదలు వాటిని పాపకి తొడుగుతుంటే నేను ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాణ్ణి. ఇప్పుడవన్నీ చిన్నవైపోయాయిలే.

ఇదీ సంగతి. ఇప్పుడు తిట్టు. బడి ఎగ్గొడితే చెవి మెలిపెట్టేదానివి కదా, ఇదిగో చెవి.

ఏంటీ? తెలుసా? ఎలా తెలుసు? నీకు ఆ భాష ముక్క రాదు కదా?

ఆవిడకి కాదని చెప్తూ తల అడ్డంగా ఊపానా.

అంటే అప్పుడే తెలుసన్నమాట నీకు. తెలిసే ఆ బెంచీ మీద కూర్చున్నావు. నేను ఒక్కణ్ణే దాన్ని ఎత్తుకోలేక అవస్థ పడుతుంటే, తెలిసే అన్నావా అక్కా, "ఉయ్యాల జాగ్రత్తరా" అని?

అలా చూడకు. నీ మిషను నువ్వు తిప్పుకో. ఏంటది, ఇందాకట్నించీ కుడుతున్నావు? గౌనా?

ఏడాది పిల్ల కొలతా... ఆఁ, సరిపోతుంది. కుట్టడమయ్యాక ఇవ్వు, పట్టుకెళ్తాను. సామాన్లు దాటించడం నాకు బాగానే వచ్చు.