ఆదివారం పదింటికి

రేడియోలో ఈ వారం ఊరి కార్యక్రమాలు చదవడానికి ఇంకా నాలుగే నిమిషాలున్నాయి. టీచరమ్మ కాగితం పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

“చెవిటి పిల్లల సైగల క్లాసుకి రేడియోలో ప్రకటనా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే,” అన్నాడు అనౌన్సర్.

“పిల్లలకి ఎప్పుడో వచ్చేశాయండి. క్లాసు అమ్మానాన్నలకి. పోయినవారం ఒక్కరూ రాలేదు. ఈసారీ అంతే అయితే గది తీసేసుకుంటారట.”

“ఇంట్లోవాళ్లకి క్లాసెందుకండీ? మీ బడిలో చదివే మా పాపతో నేను నెట్టుకురావట్లేదూ?”

“ఏం చెబుతుంది మీకు?”

“ఆకలేస్తే చెబుతుంది. నిద్రొస్తే చెబుతుంది.”

“అంతేనా? బడిలో చెయ్యి ఆగదు దానికి. రోజంతా కబుర్లే.”

అతను కాగితం అందుకున్నాడు.

“ఏం కబుర్లు?”

“వచ్చి మీరే అడగండి. ఆదివారం పదింటికి.”