చెట్టు రబ్బరు సూటు

బేగంబజార్‌లో స్టీలు గిన్నెల దుకాణం. గల్లా దగ్గర తండ్రి, ఎదురుగా అండమాన్‌లో డైవింగ్‌కు పోతున్న కూతురు.

“నీళ్లల్ల మునిగేటందుకు గింత పిరం సూటా? మామూలుది సగానికే వస్తది గదనే.”

“అది పెట్రోలు సరుకుతోని చేస్తరు బాపూ. ఇది చెట్టు రబ్బరు. సముద్రానికి మంచిది.”

“సముద్రమొచ్చి సగం పైసలు కడ్తదా?”

“మస్తు ఏండ్లు ఆగుతది. పల్చటి గిన్నె కొనకుండ్రి అని గిరాకీలకు నువ్వే చెప్తవు గద?”

“నా మాటలు నాకే అమ్ముతున్నవా! సరే, ఆ కంపెనీకి పొద్దుగాలనే నేనే ఫోన్ చేసిన. డజనుకు ఎంత తగ్గిస్తరని అడిగిన.”

“డజనా! ఏమన్నరు?”

“నవ్విండ్రు. రెండు తీసుకుంటె తగ్గిస్తమన్నరు.”

“రెండోది ఎవరికి?”

“నాకే.”

“నీకు ఈతే రాదు గద బాపూ!”

“పడవల కూసునేటందుకు ఈతెందుకే? నువ్వు పైకొచ్చేదాంక ఏసుకొని కూసుంట.”